అర గ్రాము రాగి

నార్పల బస్టాండు వెనక
బాబయ్య వైండింగ్ షాపులో
పదేండ్లుగా రాగి తీగ చుడతాండా.
ఎండాకాలమొస్తే దినానికి నాలుగు మోటార్లు,
నీళ్లు లేని బోర్లలో ఉత్తపుణ్యానికి తిరిగి తిరిగి
మాడిన వార్నిష్ వాసనతో వస్తాయి.
పాత తీగ పీకి, చుట్లు ఎంచి, కొత్త తీగ చుట్టి
మళ్లా భూమి లోపలికి పంపిస్తాం.

అందుకే ఆ పొద్దు ఆస్పత్రిలో
జులేఖా సిస్టర్ కవరు చించకముందే చూపిస్తే
నవ్వొచ్చింది నాకు.
ప్లాస్టిక్కు కాడకు సన్నని తీగ,
ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు, మెలి లేకుండా.
"ఎవరు చుట్టినారో గానీ చెయ్యి బాగుంది సిస్టరూ,
గేజ్ ఎంత?" అన్యా.
బల్ల మీద కాళ్లెత్తి పండుకొని
గేజ్ అడిగిన మనిషిని
ఆమె అంతవరకూ చూడలేదంట.

మా అత్త కుళ్లాయమ్మకు భయం.
అది పైకి పాకి గుండెకాయలో గుచ్చుకుంటాదని,
చిలుం పడతాదని,
కడుపుకు బీగమేస్తే మళ్లా తాళంచెవి దొరకదని.

బీగం కాదత్తా.
మన చీనీ చెట్ల మొదళ్లకు
మైలుతుత్తం, సున్నం కలిపి పూస్తామే, అదీ రాగే.
చెట్టునేమీ అనదు, కాయనేమీ అనదు.
బూజు మాత్రం ఆ నీలం దాటి బతకలేదు.
ఇదీ అట్లాంటిదే అనుకో.
దినానికింత, కంటికి ఆననంత,
కరిగి లోపలి తడిలో కలుస్తాది.
ఎవరో కొత్త మనిషి దిగిందని
తెల్లకణాలు గుంపు కట్టి వస్తాయంట.
పుండు లేదు, చీము లేదు, ఉత్త కావలి.
మెత్తని గోడ కొంచెం ఎర్రబడి, కొంచెం చిరాగ్గా ఉంటాది.
ఈదుకుంటా వచ్చినవి
ఆ నీళ్ల రుచికే నీరసపడి తోక ఆడించలేవు.
వాకిలి తెరిచే ఉండాది,
లోపల వాతావరణమే మారింది.

ఆమె నమ్మలేదు.
రాత్రంతా రాగి చెంబులో పెట్టిన నీళ్లు
పొద్దున్నే పరగడుపున తాగే మనిషి,
అప్పుడు కూడా చెంబు చేతిలోనే ఉండాది.

ఆమెకు చెప్పనిది ఒకటుంది.
మొదటి మూడు నెలలు.
మా జిల్లాలో పారడం మరిచిపోయిన పెన్న
నాలో పారింది.
నడుము కింద ఎవరో తీగ బిగించి లాగినట్టు.
స్టూలు మీద గోనెపట్ట మడిచి కూచొని
చుట్ల లెక్క మూడు తూర్లు తప్పినా.
బాబయ్య ఏమీ అడగలేదు,
టీ తెప్పించి, అంతా పీకి మళ్లా మొదలుపెట్టినాడు.

తీసేయమని పోతే
జులేఖా నా కండ్ల కింద రెప్ప లాగి చూసి
ఐరన్ మాత్రలిచ్చింది.
"ఇంకో నెల చూడు. లేదూ ఇప్పుడే అంటే ఇప్పుడే తీస్తా.
నీ ఒళ్లు, నీ ఇష్టం."
నా ఇష్టమనే మాట
ఆ గోడల మధ్య అంతకుముందు విన్లేదు నేను.
రెండు కాన్పులూ అక్కడే అయినాయి.

ఒక నెల చూస్తామనుకున్యా.
ఐదో నెలకు నా ఒళ్లు దానికి అలవాటు పడిందో,
అది నా ఒంటికి అలవాటు పడిందో,
మోటారు సదురుకొని ఒకే శబ్దంతో తిరిగినట్టు అయింది.
నెలకోసారి వేలితో చూసుకుంటా.
రెండు దారాలు, చీర కొంగు పోగుల మాదిరి.
అక్కడే ఉంటాయి.

నిన్న పాత సామాన్ల నాగప్ప వచ్చినాడు.
కాలిన తీగంతా తక్కెడలో కుప్ప పోస్తాంటే
ఊరికే అడిగినా:
"అర గ్రాము రాగికి ఎంతిస్తావన్నా?"
"అర గ్రామా! ముల్లే కదలదు గదమ్మా."

కదలదులే అనుకుంటా
ఇంకో మోటారు మూత విప్పినా.
నా కాళ్ల కాడ కూచొని
పలక మీద అ దిద్దుతాంది చిన్నది.
నాలుగేండ్లు నిండినాయి.
ఇంటికి పోయేటప్పుడు
చంకెక్కుతాది ఇంకా.
అక్కడ చోటు దానిదే.